పక్కకుట్టు విప్పి చూస్తే

యంత్రం తప్పు చూపిస్తోందని బొద్దక్క డాక్టరమ్మతో పోట్లాటకు దిగింది.

"మూడేళ్ళ కింద ఇదే ఆస్పత్రిలో ఎక్కాను. నూట పద్నాలుగు. ఇప్పుడు నూట ముప్పై ఒకటి అంటోంది. పదిహేడు కిలోలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా అండీ? మీ యంత్రానికే ఏదో జబ్బు చేసింది. ముందు దానికి వైద్యం చేయించండి."

"పోయిన నెలే సరిచూశారమ్మా దాన్ని."

"అయితే నా గౌను అబద్ధమా?" బొద్దక్క కుర్చీ పట్టుకుని లేచి, ఒకసారి ఇటూ అటూ తిరిగి చూపించింది. "ఈ నీలం గౌను మూడేళ్ళ కింద నా చేత్తో నేను కుట్టుకున్నది. చూడండి, నిన్న కుట్టినట్టుంది. ఊపిరి నిండా పీల్చినా బొత్తాం కదలదు. ఇరవై రెండేళ్ళుగా కుట్టుపని చేస్తున్నదాన్ని. మనుషులు అబద్ధమాడతారు, యంత్రాలు ఆడతాయి, గుడ్డ ఆడదు."

పాపం, ఆ మాట ఆవిడ మనసా వాచా నమ్మే అన్నది. లావుగా ఉన్నవాళ్ళకు ఒంటి మీద ధ్యాస ఉండదని లోకుల అభిప్రాయం. లోకులకేం, నోరుంది కదా అని అంటారు. బొద్దక్కకు అద్దమంటే పడదు గానీ ఒంటి లెక్క మాత్రం గుడ్డను అడిగి తెలుసుకుంటూనే ఉంటుంది. మూడేళ్ళుగా బట్టలు బిగుతు కాలేదు కాబట్టి తను పెరగలేదు. ఇందులో తికమక ఏముంది?

డాక్టరమ్మ చిన్న వయసుదే గానీ ఓపిక గలది. వాదించకుండా ఫైలు తిప్పింది. పోయిన వారం ఆస్పత్రిలో పడుకోబెట్టి, ఒంటికి తీగలు తగిలించి చేసిన నిద్ర పరీక్ష కాగితం అది. నిద్రలో గంటకు నలభై సార్లు ఊపిరి ఆగుతోందట. షుగరు మందులకు లొంగడం లేదట. మోకాళ్ళ సంగతి కాగితం చూడకుండానే చెప్పొచ్చు.

"పొట్టలోని సంచిని నాలుగింట మూడొంతులు కోసి తీసేస్తాం. మిగిలింది సన్నగా, గొట్టంలా ఉంటుంది. ఆ తర్వాత మీరు తినేది గుప్పెడే."

"కోసింది మళ్ళీ అతకడం కుదురుతుందా?"

"కుదరదమ్మా."

అది బొద్దక్కకు ఒకరు చెప్పక్కర్లేదు. కత్తెర పెట్టేదాకానే ఆలోచన, పెట్టాక గుడ్డ వెనక్కి రాదు. "సరే, కోసినచోట చేతికుట్టా, మిషను కుట్టా?" అని అడిగింది.

"వరసగా పిన్నులు కొట్టే మిషను ఒకటుందిలెండి."

"పిన్నులా!" బొద్దక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "పిన్నులు పెట్టేది కొలత సరిచూసుకోవడానికండీ తల్లీ! వాటి మీద వదిలేస్తారా ఎవరైనా?"

డాక్టరమ్మ నవ్వింది, కానీ కాగితం మాత్రం ఇచ్చింది. అంగీకార పత్రం. కింద రెండు గళ్ళున్నాయి. ఒకటి చేయించుకునేవాళ్ళది, ఒకటి ఇంట్లోవాళ్ళది. గురువారం సాయంత్రంలోగా సంతకాలతో తెస్తే వచ్చే నెల మొదటి వారంలో చేస్తారు. లేదంటే మళ్ళీ ఆరు నెలలదాకా ఖాళీ లేదు.

"ఆగితే ఏమవుతుంది?"

"ఆగొద్దనే నా సలహా. ఆపరేషనులో అసలు ప్రమాదమే లేదని కూడా అనను. నూటికి నూరుపాళ్ళు మాట ఇవ్వలేను."

సోమవారం మధ్యాహ్నానికి బొద్దక్క కొట్టుకు తిరిగొచ్చింది. సంత వీధి చివర ఉంది ఆ కొట్టు. బోర్డు మీద వేరే పేరేదో ఉంది గానీ దాన్ని చదివినవాళ్ళు లేరు. ఊళ్ళో భారీ మనుషులైన ఆడవాళ్ళందరికీ అది బొద్దక్క కొట్టు, అంతే. వేరే టైలరు దగ్గరికి వెళ్తే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. టేపు చాలలేదంటూ లోపలికి కేక వేస్తాడు. "అబ్బో" అంటాడు. నంబరు వీధికంతా వినబడేలా చదువుతాడు. ఇక్కడ ఆ గొడవ లేదు. గుమ్మం వెడల్పు, కుర్చీలకు చేతులుండవు, అన్నిటినీ మించి కొలత తీసే మనిషి తమకంటే లావు. బొద్దక్క టేపు చుడుతూ ఏవో కబుర్లు చెబుతుంది. అంకె పైకి అనదు. అన్నీ తలలో పెట్టుకుని ఆనక పుస్తకంలో రాస్తుంది. కూతురికి పని నేర్పేటప్పుడు మొదటిరోజే చెప్పింది: "నంబరు గుడ్డకు చెప్పాలే, మనిషికి చెప్పకూడదు."

ఆ మధ్యాహ్నం బడి పంతులమ్మ కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. పదేళ్ళ స్నేహం. ఆపరేషను మాట వినగానే ఆవిడ మొహం చిన్నబోయింది.

"మంచిదేలే, ఆరోగ్యం కదా," అంటూనే కోటు గుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "కానీ అక్కా, నువ్వు పుల్లలా అయిపోతే ఇంక మేం ఎవరి ముందు చొక్కా విప్పాలి చెప్పు?"

సరదాకే అంది. అన్నాక ఇద్దరికీ నవ్వు రాలేదు.

రాత్రి భోజనాల దగ్గర బొద్దక్క కాగితం మొగుడి ముందు పెట్టింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. చీపురుపుల్లకు చొక్కా తొడిగినట్టుంటాడు. మనిషి మంచివాడే. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో గొంతు పెంచలేదు. పెంచకపోవడమే ఆయన రోగం.

"ఏమంటావయ్యా?"

"నాదేముంది. నీ ఇష్టం."

"చేయించుకోమంటావా, వద్దంటావా?"

"నీ ఒళ్ళు, నీ ఇష్టం."

"చేయించుకుంటే భయంగా ఉంది."

"అయితే మానెయ్."

"మానేస్తే ఊపిరాగి పోతానట."

"అయితే చేయించుకో. నీ ఇష్టమంటున్నాగా." అని కంచం తీసుకుని లేచాడు. గోడ మీద పిల్లి అయినా ఏదో ఒక పూట ఒక పక్కకు దూకుతుంది. ఈయన ఆ గోడ మీదే కాపురం పెట్టాడు. బొద్దక్కకు ఒళ్ళు మండిపోయింది.

మంగళవారం పొద్దున కొట్టు తెరిచీ తెరవగానే ఆవిడ చేసిన మొదటి పని, యంత్రం మీద సాక్ష్యం తయారుచేయడం. పాత కొలతల పుస్తకం తీసింది. మూడేళ్ళ కింద తన పేరున తను రాసుకున్న అంకెలు అందులో ఉన్నాయి. వెంట తెచ్చిన నీలం గౌను మడత విప్పి బల్ల మీద పరిచి, టేపు పెట్టింది. పుస్తకాన్నీ గౌనునూ పక్కపక్కన పెట్టి డాక్టరమ్మకు చూపిస్తే ఇంక నోరెత్తడానికి ఏముంటుంది?

ఛాతీ దగ్గర ఆరంగుళాలు ఎక్కువొచ్చింది. నడుం దగ్గర ఎనిమిది.

టేపు తిరగేసి మళ్ళీ చూసింది. అంతే. గౌను లోపలివైపుకు తిప్పింది. చంక కింద నుంచి అంచు దాకా, రెండు పక్కలా, నీలం గుడ్డ పట్టీలు వేసి ఉన్నాయి. అదే నీలం, అదే నేత. పక్కకుట్టు విప్పి, పట్టీ అతికించి, మళ్ళీ మూశారు. ఒకటి కాదు, పట్టీ పక్కన ఇంకో సన్నపట్టీ. బయటినుంచి చూస్తే ఎంత కళ్ళున్నవాళ్ళయినా పట్టుకోలేరు. కొట్టు అల్మరాలో ఉన్న తన గౌన్లన్నీ తీసి తిరగేసింది. బూడిదరంగు దానికి రెండు పట్టీలు. చుక్కల దానికి మూడు.

కుట్టు ఎవరిదో అడగక్కర్లేదు. మొదట్లో మూడుసార్లు వెనక్కి ముందుకి తొక్కి, చివర దారం లోపలికి లాగి ముడివేసే పద్ధతి ఊళ్ళో ఇద్దరికే వచ్చు. ఒకరు తను. రెండోది అవతల మిషను దగ్గర కూర్చుని కాలరు తిప్పుతోంది.

"ఒసే చిన్నీ, ఇలా రా."

కూతురికి ఇరవై ఒకటి. తల్లి పోలికే, ఒళ్ళూ తల్లిదే రాబోతోంది. బల్ల మీద తిరగేసి పడున్న గౌన్లను చూసి నిలబడిపోయింది.

"ఎన్నాళ్ళుగా?"

"మూడేళ్ళుగా," అంది చిన్నది. "నువ్వు ఉతకడానికి వేసినప్పుడల్లా బిగుతు ఎక్కడుందో చూసి వదులు చేసేదాన్ని."

"నాకెందుకు చెప్పలేదే? బుద్ధుందా నీకు? డాక్టరు ముందు నవ్వులపాలయ్యాను! గుడ్డ అబద్ధమాడదని ఛాతీ విరుచుకుని చెప్పొచ్చాను!"

"నువ్వే కదమ్మా నేర్పింది. నంబరు మనిషికి చెప్పకూడదని."

"నేను నీకు కస్టమరునా!"

చిన్నది ఒక గౌను తీసి మడతపెట్టింది. తర్వాత ఒక్కసారిగా అంది, "ఒకసారి నీ కొత్త గౌను బిగుతైతే నువ్వేం చేశావో గుర్తుందా? రెండు రోజులు తిండి మానేసి, మూడో రోజు వంటింట్లో తలుపేసుకుని నిలబడి తిన్నావు, ఏడుస్తూ. నేను కిటికీలోంచి చూశాను. అప్పట్నుంచీ నీ బట్టలు నీకు బిగుతు కాకుండా చూసుకుంటున్నాను. తప్పయితే తిట్టు."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. బొద్దక్క కుర్చీలో కూర్చుండిపోయింది. కూతురి తప్పు ఏమని ఎంచుతుంది? తనే ఊళ్ళో సగం మందికి చేసే ఉపకారం, తనకు జరిగితే పదిహేడు కిలోలయింది.

"ఇంకేమైనా దాచావా? ఉంటే ఇప్పుడే కక్కెయ్."

ఉంది. మిషను సొరుగులోంచి ఒక ఉత్తరం తీసింది చిన్నది. బట్టలు తయారుచేసే పెద్ద కంపెనీ, పక్క రాష్ట్రంలో. నమూనాలు కత్తిరించే ఉద్యోగం. నాలుగు నెలలుగా రమ్మంటున్నారు. రెండుసార్లు వాయిదా అడిగిందట. వచ్చే నెల పదో తారీఖు ఆఖరి గడువు. రానని రాసేద్దామనుకుంటోందట.

"పిచ్చిమొహమా! ఇంతకంటే ఏం కావాలే నీకు? ఎందుకు వెళ్ళవు?"

"నేను వెళ్తే నిన్ను ఎవరు లేపుతారు?"

"నేను లేవలేనా?"

"పొద్దున లేవడం కాదమ్మా. మధ్యాహ్నం తిని ఇక్కడ ఆ మూల మంచం మీద ఒరుగుతావు చూడు, అప్పుడు గురక పెడుతూ పెడుతూ ఆగిపోతావు. నేను లెక్కపెడతాను. ఇరవై దాకా ఆగుతాను. ఇరవై దాటితే కత్తెర కింద పడేస్తాను. నువ్వు ఉలిక్కిపడి ఊపిరి పీల్చుకుని నన్ను తిడతావు."

తిట్టడమంటే మామూలు తిట్లా! చేతుల్లో పట్టు లేదనీ, వెన్నపూస వేళ్ళనీ, ఇలాంటిదానికి కత్తెర ఇస్తే కాలు తెంపుకుంటుందనీ. కస్టమర్ల ముందు కూడా అంది. ఆ పిల్ల మూడేళ్ళుగా ఆ తిట్లు తింటూనే తల్లి ఊపిరి లెక్కపెట్టింది. వాళ్ళ నాన్న ఆవిడ గురకకు తాళలేక ముందుగదిలో పడుకుంటాడు కాబట్టి రాత్రి కాపలా కూడా పిల్లదేనట. బొద్దక్కకు దుఃఖం ముంచుకొచ్చింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని తలంతా నిమిరింది.

"సరే. అయిపోయింది. నీ కోసం చేయించేసుకుంటానే. సంతకం పెట్టేస్తాను. నువ్వు హాయిగా పోయి ఉద్యోగం చేసుకో."

చిన్నది ఒక్క విదిలింపుతో చేతులు తోసేసింది. అంత కోపం ఆ పిల్ల మొహంలో ఎన్నడూ లేదు.

"నా పేరు చెప్పి ఆ బల్ల ఎక్కకు! నువ్వు లేవకపోతే? రేపు అందరూ ఏమంటారు? కూతురు ఉద్యోగానికి పోవాలని తల్లిని కోయించిందంటారు. వాళ్ళ సంగతి సరే, నేనేమనుకోవాలి? వద్దమ్మా. చేయించుకో, మానుకో, నా నెత్తిన మాత్రం పెట్టకు." ఉత్తరం సొరుగులో విసిరేసి ఇంటికి వెళ్ళిపోయింది.

బుధవారం చిన్నది కొట్టుకు రాలేదు. బొద్దక్క ఒక్కతే కూర్చుంది. పని ఎంత చేసినా ముందుకు సాగలేదు. బేకరీ నుంచి వేడి బన్నులు తెచ్చుకుంది, వెన్న రాసుకుంది, రెండు తిని మూడోది చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఈ పొగలు కక్కే బన్ను మీద తనకెంత ప్రేమ! పొద్దస్తమానం సూదిలోకి కళ్ళు పొడుచుకునేదానికి రోజులో దక్కే సుఖం ఇదొక్కటే. ఆపరేషనైతే ఇందులో మూల తుంచుకుని చాలనాలి. ఆ బతుకు ఎలా ఉంటుందో ఊహించబోతే ఏమీ కనబడలేదు. పైగా కోసింది అతకదు. పిన్నులు పట్టకపోతే? మత్తులోంచి లేవకపోతే? పోనీ మానేద్దామా అంటే గంటకు నలభై సార్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిలబడ్డ చోటు కూడా ఇరుకుగానే ఉంది.

రెండింటికి అలవాటు ప్రకారం కళ్ళు మూతలు పడ్డాయి. మంచం వైపు అడుగు వేసి ఆగిపోయింది. కత్తెర పడేసేవాళ్ళు లేరు. ఎదురుగా పరుపు, తలగడ, తను కుట్టిన గలేబు. ఇన్నేళ్ళు పడుకున్న మంచాన్ని చూస్తే ఒళ్ళు జలదరించింది. కుర్చీలో కూర్చుంటే కునుకొస్తుందని లేచి నిలబడింది. మోకాళ్ళు లాగేస్తుంటే బల్ల పట్టుకుని నిలబడింది. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది, వెళ్దామంటే వంద అడుగులు నడిచే ఊపిరి లేదు. మొహాన నీళ్ళు చల్లుకుంది. మళ్ళీ చల్లుకుంది. నలభై ఐదేళ్ళ మనిషి పట్టపగలు తన కొట్టులో తను నిద్రకు భయపడి, బల్ల వదలకుండా నిలబడింది. నాకు చావాలని లేదు, అనుకుంది. కూతురి కోసం కాదు, కస్టమర్ల కోసం కాదు. నాకే లేదు. ఎవరి పేరూ కలపకుండా తన కోసం తను ఒక మాట అనుకుని ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలియదు.

గురువారం పన్నెండింటికి ఆవిడ బస్సు డిపోకు వెళ్ళింది. టాక్సీ గేటు దాకా వచ్చింది. అక్కణ్ణుంచి బస్సు దాకా నాలుగుచోట్ల ఆగింది. మొగుడు డ్రైవరు సీట్లో కూర్చుని అద్దం తుడుచుకుంటున్నాడు. కిందనుంచి పిలిస్తే కిటికీలోంచి తల బయటపెట్టి హడలిపోయాడు.

"ఏమైందే? ఇంత దూరం నడిచొచ్చావా?"

"సంతకం కావాలి. ఐదింటిలోగా ఇవ్వాలి."

"చేయించుకుంటున్నావా మరి? సరే, నీ ఇష్..."

"కిందికి దిగు," అంది బొద్దక్క. "అంత ఎత్తున కూర్చుని నీ ఇష్టం అంటే కుదరదు. దిగి, నా ఎదురుగా నిలబడి అను."

దిగాడు. చేతిలో తుడుపుగుడ్డ అలాగే ఉంది.

"చిన్నది ఉద్యోగానికి వెళ్తుంది. పంపిద్దాం. అది వేరే సంగతి. ఇది దాని కోసం కాదు. నాకు బతకాలని ఉందయ్యా. భయంగానూ ఉంది. నెలరోజులు ఒక మనిషి నా పక్కన ఉండాలి. నువ్వుంటావా? నా ఇష్టం నేను చెప్పాను. నీ ఇష్టం ఏమిటో ఒక్కసారి, ఈ జన్మకు ఒక్కసారి చెప్పు."

ఆయన గుడ్డను చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు. "చేయించుకోమని నేననేసి, రేపు అక్కడ ఏదైనా అయిందనుకో. వద్దనేసి, ఇక్కడ ఏదైనా అయిందనుకో. రెండిట్లో ఏదన్నా నువ్వు నన్నే అంటావు కదా."

"నేనే పోయాక నిన్ను అనేదెవరయ్యా?"

ఆ మాటకు ఆయన మొహం పాలిపోయింది. అలా ఎన్నడూ ఆలోచించినట్టు లేదు పిచ్చి మనిషి. తిట్టించుకోకుండా తప్పించుకోవడమే చూసుకున్నాడు గానీ, తిట్టే మనిషే లేని ఇల్లు ఆయన తలలోకి ఎప్పుడూ రాలేదు. తుడుపుగుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు. నల్లటి మడ్డి చెంప మీద అంటుకుంది.

"సెలవు పెడతాను," అన్నాడు. "గంజి కాచడం రాదు నాకు."

"చెబుతాను."

"మాడుతుందేమో."

"మాడితే తిడతాను. సంతకం పెట్టు ముందు."

బస్సు మెట్టు మీద కాగితం పెట్టుకుని, వంగి, బళ్ళో పిల్లాడిలా ఒక్కో అక్షరం దిద్దుతూ పేరు రాశాడు. బొద్దక్క కాగితం తీసుకుని చూసి తల పట్టుకుంది. చేయించుకునేవాళ్ళ గడిలో పెట్టాడు.

"ఏమయ్యా, కోసేది నన్నా, నిన్నా?"

"నన్నయితే మొదటిరోజే పెట్టేవాణ్ణే," అన్నాడు.

బొద్దక్క ఆయన చేతిలోంచి కలం లాక్కుని, అదే గడిలో, ఆయన పేరు కింద మిగిలిన కాస్త చోటులో తన పేరు ఇరికించి రాసింది. ఆస్పత్రివాళ్ళు ఒప్పుకోకపోతే అక్కడే ఇంకో కాగితం తీసుకోవచ్చులే అనుకుంది. ఆయన రెండున్నర గంటల బస్సు వేరే డ్రైవరుకు అప్పజెప్పి రావడానికి లోపలికి పరిగెత్తాడు. బొద్దక్క బస్సు మెట్టు మీద కూర్చుని ఆయన కోసం ఎదురుచూసింది.